పదునారవ యేడు

కుమారుని అయిదేండ్లవరకు లాలింపవలెననియు, అటుపై పదియేండ్లు దండనతో దిద్దవలెననియు, పదునారవ యేడు వచ్చిన పిమ్మట మిత్రునివలె చూడవలెననియు నీతిశాస్త్రము చెప్పుచున్నది. ఈ మాట వినని తండ్రి తెలుగునాట అరుదు. మొదటి రెండు విధులు సులభముగనే జరిగిపోవును. లాలించుట ఎవరును నేర్పనక్కరలేదు. దండించుట అసలే నేర్పనక్కరలేదు. చిక్కంతయు మూడవదానితోనే. నిన్నటివరకు దండించిన చేయి నేడు భుజముపై వేసినంతమాత్రమున మిత్రహస్తమగునా? కొందరు మందలించుట మానుటయే మైత్రి యనుకొందురు. కొందరు అడిగినదెల్ల కొని యిచ్చుటయే యనుకొందురు. మొదటిది ఉదాసీనత, రెండవది లాలనయే మరల వచ్చుట.

కోనసీమలోని ఒక గృహస్థుని సంగతి ఈ సందర్భమున చెప్పదగియున్నది. ఆ యింటి పెరటిపాకలో తాతగారినాటి పికప్ బండి యొకటి ఇరువదియేండ్లకు పైగా కదలక పడియుండెను. ముందు జీపు ముఖము, వెనుక తెరచిన తొట్టి. అమెరికాదేశపు విల్లీస్ జీపులను నాటి బొంబాయిలో మహీంద్రావారు 1947 నుండి కూర్చుచు వచ్చిరి; ఈ బండియు ఆ వంశములోనిదే. దాని తొట్టిలో కొబ్బరికాయలు అంబాజీపేటకు పోయినవి, పెండ్లివారు తరలిపోయిరి, వరదనాడు పొరుగువారి సామానులు గట్టెక్కినవి. తాతగారు పోయిన పిమ్మట అందులో పిల్లులు కాపురము పెట్టినవి. ఉప్పుగాలికి అడుగురేకు జల్లెడ యయ్యెను.

కుమారునికి పదునైదేండ్లు నిండినవి. పదవతరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో తండ్రి, “దీన్ని మనమిద్దరం లేపుదామా?” అని అడిగెను. పిల్లవాడు మారుమాటాడక పాకలోని చెత్త యెత్తుటకు మొదలుపెట్టెను.

తండ్రి మొదటనే ఒక కట్టడి చేసెను. జాకీని నమ్మి బండి క్రిందికి దూరరాదు. బలమైన దుంగలు ఆనించినగాని చేయి కూడ పెట్టరాదు. ఈ మాట దినమునకు మూడుమారులు చెప్పెను. పిల్లవాడు విసుగుకొన్నను మానలేదు. అది సరియే. ఇనుము విరుగు తప్పులు వేరు, ఎముక విరుగు తప్పులు వేరు. రెండవ తెగవాటిని అనుభవముచే నేర్చుకొమ్మని విడుచుట మైత్రి కాదు, క్రౌర్యము.

పిమ్మట చక్రములు విప్పుపని వచ్చెను. కుడిప్రక్క చక్రముల నట్టులకు కిరసనాయిలు పోసి, నానబెట్టి, పిల్లవాడు ఒక్కడే విప్పెను. ఎడమప్రక్కకు వచ్చెను. లోకములోని నట్టులు ప్రదక్షిణముగా త్రిప్పిన బిగియును, అప్రదక్షిణముగా త్రిప్పిన వదలును. విల్లీస్ వంశపు పాతబండ్లలో ఎడమప్రక్క చక్రములకు మాత్రము మర దీనికి విరుద్ధముగా నుండును. చక్రము ముందుకు తిరుగు తిరుగుడుకు నట్టు తనంతట తాను సడలరాదని అట్లు చేసిరి. తండ్రికి ఈ సంగతి తెలియును. ఆ క్షణమున కొబ్బరి బేరగానితో మాటలలో నుండి చెప్పలేదు. పిల్లవాడు పానా తగిలించి, కదలకుండుట చూచి, దానిపై కాలుపెట్టి నిలుచుండెను. స్టడ్డు ఫెళ్లున విరిగెను.

“ఎడమ మరని ఆ మాత్రం చూసుకోవద్దా?” అని తండ్రి కేకవేసెను.

చూచిన తెలియునది కాదు, చెప్పిన తెలియునది. పిల్లవాడు పానా క్రింద పెట్టి లోపలికి పోయెను. మిగిలిన తొమ్మిది నట్టులను తండ్రి పావుగంటలో విప్పెను. పని సాగెను, పనివాడు పోయెను. మూడు దినములు కుమారుడు పాకవైపు చూడలేదు. భోజనమువేళ కూడ తల్లితోనే మాటలు.

నాలుగవనాడు ఎందుకో వచ్చి చక్రము ఊడిన చోట కూర్చుండి చూచుచుండెను. కొంతసేపటికి, “నాన్నా, ఇందులో ఒకటి మిగతావాటిలా లేదేం?” అని అడిగెను. నిజమే. విరిగినది పోగా నిలిచిన నాలుగు స్టడ్డులలో మూడు పాతవి. ఒకటి వేరు ఇనుము.

తండ్రి నూనెగుడ్డతో చేతులు చాలసేపు తుడుచుకొనెను. “అది నేను విరగ్గొట్టింది. నీ వయసులోనే. మీ తాత చెంప మీద కొట్టారు.”

“మరి మొన్న చెప్పలేదేం?”

దీనికి తండ్రియొద్ద సమాధానము లేకపోయెను.

భగవద్గీత పదునొకండవ అధ్యాయమున విశ్వరూపమును దర్శించిన అర్జునుడు, చనువుచే సఖుడవని పిలిచిన తన తప్పును మన్నింపుమని శ్రీకృష్ణుని వేడుకొనును. తండ్రి కుమారుని సహించునట్లు, మిత్రుడు మిత్రుని సహించునట్లు సహింపుమని రెండింటిని ప్రక్కప్రక్కన నిలుపును. రెండును ఒకటే యైనచో వేరువేరుగా చెప్పనేల? తండ్రి సహనము పైనుండి దిగివచ్చును. తాను తప్పెరుగనివానివలె నిలిచి ఎదుటివాని తప్పును మన్నించును. మిత్రుని సహనము సమభూమిపైనిది. మిత్రుని తప్పు మనకెట్లు తెలియునో మన తప్పు వానికట్లే తెలిసియుండును. భగవానునకు ఏ నిలుకడయైనను లీలయే. మనుష్యమాత్రుడైన తండ్రికి మొదటిది అలవాటు, రెండవది మహాకష్టము. పదునారవ యేట శాస్త్రము అడుగుచున్నది ఈ కష్టమునే.

తన తప్పులు చెప్పుకొన్న తండ్రికి గౌరవము తగ్గదా అని పెద్దలు కొందరు శంకింతురు. శంక నిరాధారము కాదు. తప్పులన్నియు ఏకరువు పెట్టుట వినోదమగును, ఒక్కొక్కప్పుడు డంబమును అగును. కాని కుమారుడు అదే గోతిలో పడినప్పుడు తాను పడిన సంగతి దాచుట వేరు. అది గౌరవమును కాపాడుట కాదు, అప్పు తీర్చక కాగితము దాచుకొనుట. ఆ యింట సాక్ష్యము చక్రములోనే యుండెను.

అటుపై పని నెలన్నర సాగెను. అడుగురేకు దగ్గర మరియొక సంగతి జరిగినది. తండ్రి తొందరపడి, చిల్లులకు లప్పము పూసి పైన రబ్బరుచాప పరచిన చాలుననెను. పిల్లవాడు, “కింద తుప్పు అలాగే ఉంటుంది గదా. కనబడకపోతే పోయినట్టా?” అనెను. తండ్రికి కోపము రాలేదనుట అబద్ధము. ముఖము ఎఱ్ఱబారెను. అయినను మరునాడు వెల్డింగు పనివాని పిలిపించి, తుప్పు తిన్న రేకు కోయించి క్రొత్తరేకు అతికించెను. లోపము కనిపెట్టి చెప్పగల అధికారము ఇయ్యని మైత్రి ఏపాటిది?

బండి కదలినది. కాని పదునెనిమిదేండ్లు నిండనిదే అట్టి బండిని దారిపై తోలుటకు చట్టము ఒప్పదు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణచే, పిన్నవానికి బండి ఇచ్చిన తండ్రియు శిక్షార్హుడే. కావున తండ్రియే తోలుచుండెను. ప్రక్కన కూర్చుండిన కుమారుడు గేరు మార్చునపుడెల్ల చెవి యొగ్గి వినుచు, “ఆలస్యంగా వేశావు” అని తప్పు పట్టుచుండెను.

ఒకనాటి ఉదయము ఎడమప్రక్క రెండు చక్రములపైనను నట్టులు విప్పవలసిన వైపునకు ఎఱ్ఱరంగుతో బాణపుగుర్తులు వేసియుండుట తండ్రి చూచెను. ఎందుకని అడుగగా, “ఇంకా మూడు పాతవి మిగిలాయిగా” అని కుమారుడు బ్రష్షు కడుగుకొనుచు పోయెను.