కీబోర్డు ఎవరి చేతిలో?

అడిగినవాళ్లకు జవాబు చెప్పడం సాయమా, వాళ్ల చేతిలోని పనిని లాక్కోవడమా? ఆర్మూరులో డిగ్రీ చదివే ఆడపిల్లలకు సి భాషలో తొలి లెక్కలు నేర్పుతున్నప్పుడల్లా ఈ ప్రశ్న నాకు ఎదురవుతుంది.

పది బస్తాల పసుపు బరువులు తీసుకుని మొత్తం చెప్పాలి. ఇదీ లెక్క. అమ్మాయి రాసిన ప్రోగ్రాం నడుస్తుంది గానీ ఒక్కోసారి కోట్లలో అంకె వస్తుంది. "గిట్లెందుకొస్తుంది మేడం?" తప్పు చిన్నదే. కూడిక మొదలయ్యే ముందు 'టోటల్'లో సున్నా పెట్టలేదు. ఆ మెమరీ గదిలో పాతదేదో ఉంటే అదీ కలిసిపోతుంది. పక్కనున్న అబ్బాయి కీబోర్డు తనవైపు లాక్కుని చిటికెలో సరిచేస్తాడు. లెక్క తేలుతుంది. "ఇది నావల్ల కాదు" అన్న పాఠం ఆమెకు మిగులుతుంది.

నేను అడిగేది ఒకటే: "బస్తా పెట్టకముందు కాటా ఎంత చూపాలె బిడ్డా?" పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి అమ్ముకునే ఇంటి పిల్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. సున్నా చూపని కాటా ఎవరిని ముంచుతుందో ఆమెకు తెలుసు. అమ్మ చేసే పనిలోని తెలివే ఈ యంత్రం ముందు కూడా పనికొస్తుందని ఆమెకు అప్పుడు తెలుస్తుంది.

అయితే జవాబు దాచడంలోనూ పెత్తనం ఉంది. రేపే ప్రాక్టికల్ పరీక్ష, తప్పితే చదువు మాన్పిస్తారు, ఊరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. అలాంటి పిల్లను "నువ్వే ఆలోచించు" అని వదిలేయడం తీరికున్నవాళ్ల నీతి. అప్పుడు జవాబు చెప్పేస్తాను. పరీక్షయ్యాక మాత్రం, అదే లెక్కను ఎన్ని బస్తాలకైనా పనిచేసేలా మార్చుకు రమ్మంటాను.

1945లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రాములు సిద్ధం చేయడానికి ఆరుగురు స్త్రీలను ఎంపిక చేశారు. నేర్పే పుస్తకాలు లేవు. యంత్రం పటాలు చూసి నేర్చుకున్నారు. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపినప్పుడు వాళ్ల పేర్లు ఎవరూ చెప్పలేదు. "చూశారా, సాయం లేకుండానే నేర్చుకున్నారు" అని దీన్ని ఉదాహరణగా చూపేవాళ్లుంటారు. కానీ వాళ్లలో ఎవరూ ఒంటరి కాదు. ఒకరి పనిలో తప్పులు మరొకరు వెతికిపెట్టుకున్నారు. ఆ సాయంలో ఎక్కువ తక్కువలు లేవు.

అందుకే సాయానికి నా కొలత ఇది: సాయం పొందిన పిల్ల రేపు నావైపు తిరిగి, "మేడం, మీ ప్రోగ్రాంల తప్పుంది" అని జంకకుండా అనగలగాలి.