గడప దగ్గరి చూపు

మా అమ్మ అనకాపల్లి గవరపాలెంలో ఒంటరిగా ఉంటుంది. 2016 సంక్రాంతికి నేను విశాఖలో 32 అంగుళాల హెచ్‌డీ టీవీ కొని తీసుకెళ్లాను. పెద్ద కానుకే ఇచ్చాననుకున్నాను. ఆ తర్వాత మూడేళ్లపాటు అమ్మ అందులో చూసింది మాత్రం పాత బొమ్మే. హెచ్‌డీ అన్న అక్షరాలు అట్టపెట్టె మీద ఉన్నాయి గానీ కేబుల్లో వచ్చే సిగ్నల్లో లేవు. నాలుగు పలకల బొమ్మని వెడల్పు తెరకి సాగదీసి చూపించేది ఆ పెట్టె. "ఈమధ్య సీరియల్లో పిల్లలందరూ ఒళ్లు చేశారేంటే?" అని ఫోన్లో అడిగేది అమ్మ. నాకు నవ్వొచ్చేది. తెచ్చిపెట్టిన కానుక పనిచేస్తోందో లేదో ఒక్కసారైనా కూర్చుని చూడలేదన్న సంగతి అప్పటికి తట్టలేదు.

2019 జనవరిలో కేబుల్ కుర్రాడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త నియమాలు. కావలసిన ఛానళ్లకి టిక్కు పెట్టాలి. వంద ఛానళ్ల దాకా కనెక్షన్ రుసుము 130 రూపాయలు, పన్నుతో 153. డబ్బు కట్టాల్సిన ఛానళ్ల ధర దానికి అదనం. ఆ వందలో హెచ్‌డీ ఛానల్ ఒకటి తీసుకుంటే రెండు కింద లెక్క. నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను కాబట్టి నాలుగు తెలుగు హెచ్‌డీ ఛానళ్లకి టిక్కు పెట్టి, డబ్బా మార్పించాను. "ఒకే కథ, ఒకే పిల్ల, రెండు లెక్కా?" అంది అమ్మ. లెక్కల టీచరుగా రిటైరైన మనిషి, అంత తేలిగ్గా ఒప్పుకోదు.

ఆవిడకి చెప్పిన లెక్క మీకూ చెబుతాను. పాత బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. హెచ్‌డీలో 1920, 1080. మొత్తం ఇరవై లక్షల పైచిలుకు. అంటే ఐదురెట్లు. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1960లలో మొదలుపెట్టిన పరిశోధన అది. మన దేశంలో దూరదర్శన్ 2010 కామన్‌వెల్త్ క్రీడలతో దాన్ని మొదలుపెట్టింది. జెమినీ హెచ్‌డీ 2011 చివర్లో వచ్చింది. ఆ బొమ్మ గవరపాలెంలో మా అమ్మ గోడ దాకా రావడానికి ఇంకో ఏడేళ్లు పట్టిందన్నమాట.

హెచ్‌డీ గురించి నాకు ముందునుంచీ ఒక సిద్ధాంతం ఉండేది. కాలేజీలో స్త్రీల చిత్రణ మీద పాఠం చెప్పేటప్పుడు చెప్పేదాన్ని కూడా. కెమెరా ఇంత దగ్గరగా, ఇంత నిజంగా చూపిస్తే తెరమీది అందం అబద్ధమని తేలిపోతుంది, రంధ్రాలూ మచ్చలూ ముడతలూ ఉన్న మామూలు ఆడవాళ్ల ముఖాలు చివరికి మామూలుగా కనిపిస్తాయి అని. స్పష్టత మన పక్షాన ఉంటుందనుకున్నాను. చూడటం పెరిగితే న్యాయం పెరుగుతుందన్న నమ్మకం మన రాతల్లో చాలాచోట్ల ఉంది. "వెలుగులోకి తేవడం", "కళ్లు తెరిపించడం" అని ఎన్నిసార్లు రాసి ఉంటాం మనం!

కొత్త బొమ్మ వచ్చిన రోజు అమ్మ, సాయంత్రంపూట పనికి వచ్చే పిన్నిని పిలిచింది. నాకు పిన్ని వరస. ఆవిడ అమ్మని అప్పా అంటుంది. పొద్దున్న బెల్లం మార్కెట్లో ఒక షాపులో దిమ్మలు సర్దే పని, సాయంత్రం మా ఇంట్లో అంట్లు. టీవీ బల్ల మీద దుమ్ము తుడుస్తూ తెరకి జానెడు దూరంలో నిలబడి చూసింది.

"ఏటప్పా, ఈ పిల్ల మొకం మీద ఒట్టి పూతే. హైడ్రోస్ ఏసిన బెల్లంలాగుంది."

ఈ మాట అర్థం కావాలంటే అనకాపల్లి బెల్లం గురించి కొంచెం చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్ తర్వాత దేశంలో పెద్ద బెల్లం మార్కెట్ మాదేనని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. వేలంలో దిమ్మకి ధర పలికించేది రుచి కాదు, రంగు. బంగారు పసుపు మొదటి రకం, నలుపు చివరి రకం. చెరకురసం మరిగేటప్పుడు మడ్డి తీసి, సహజంగా వచ్చిన రంగుతో దిమ్మ పోస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అందుకని రైతులు సోడియం హైడ్రోసల్ఫైట్ కలపడం మొదలుపెట్టారు. దాన్నే హైడ్రోస్ అంటారు. పెనంలో పడగానే రంగు తేలిపోతుంది. ఆరోగ్యానికి మంచిది కాదని అందరికీ తెలుసు. బెండమొక్క జిగురుతో కూడా మడ్డి విరుగుతుంది గానీ అంత మెరుపు రాదు. మెరుపు లేకపోతే ధర లేదు. పోనీ, ఆ మెరుపైనా నిలుస్తుందా అంటే, "కొన్నాళ్లు పోతే మల్లీ అసలు రంగు బయటపడతాది" అంటుంది పిన్ని. ఈలోపు అమ్ముడైపోతుంది కదా.

హెచ్‌డీతో జరిగింది సరిగ్గా ఇదే. కెమెరా చూపు పదునెక్కేసరికి పాత మందపాటి మేకప్ గోడమీది సున్నంలా కనబడింది. పరిశ్రమ పూత మానెయ్యలేదు. సన్నని తుంపరగా కొట్టే ఎయిర్‌బ్రష్ పూతలొచ్చాయి, హెచ్‌డీ మేకప్ అన్న పేరుతో పౌడర్లు అమ్మకానికొచ్చాయి. చర్మాన్ని నునుపు చేసే ఫిల్టర్లు కెమెరాల్లోకీ ఎడిటింగ్ యంత్రాల్లోకీ వచ్చాయి. ఇరవై లక్షల చుక్కలతో బొమ్మ తీసి, అందులో ముఖం ఉన్న మేరకు మళ్లీ మసక చేస్తున్నారు. ఆ హెచ్‌డీ మేకప్పే ఇప్పుడు మా ఊళ్లో పెళ్లికూతుళ్ల ప్యాకేజీలో ఉంది. వార్తలు చదివే మగవాడి కణతల దగ్గర నెరిసిన వెంట్రుక మాత్రం స్పష్టంగా కనిపించవచ్చు. అది అనుభవం కిందికి వస్తుంది. అందరినీ ఒకేలా చూసే యంత్రం ముందు కూడా జవాబు చెప్పుకోవలసింది ఆడదాని చర్మమే అయింది. నా సిద్ధాంతం అక్కడ కూలిపోయింది.

అలాగని మసకంతా అబద్ధమని కూడా అనలేను. లైంగిక హింసకి గురైన స్త్రీ గుర్తింపు బయటపెట్టకూడదని 1983లోనే చట్టంలో చేర్చారు. టీవీలో ఆ ముఖాన్ని మసక చేస్తారు. ఆ మసక ఆమె హక్కు. మా జిల్లాకి పైనున్న మన్యంలో, వాకపల్లిలో, 2007 ఆగస్టు 20న పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. పదహారేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ విడుదల చేసింది. దర్యాప్తు అధికారులు సరైన దర్యాప్తు చెయ్యలేదని చెబుతూనే, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వాలంది. ఆ కేసులో కొరవడింది బొమ్మలో స్పష్టత కాదు. చూడటం ఉద్యోగంగా ఉన్నవాళ్లు చూడలేదు. ఐదురెట్ల చుక్కలు వాళ్లకి ఏం ఉపయోగపడి ఉండేవి?

కాబట్టి స్పష్టత మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే తప్పేమో. తెరమీది అమ్మాయి ముఖాన్ని నునుపు చేసేదీ మసకే, బాధితురాలి ముఖాన్ని కాపాడేదీ మసకే. మొదటిది ఆమెని అడక్కుండా జరుగుతుంది. రెండోది కనీసం సూత్రంలో ఆమె కోసం జరుగుతుంది. ఎంత కనబడాలో నిర్ణయించే అధికారం ఎవరిది? ఎక్కడ నిలబడి చూడాలో నిర్ణయించేది ఎవరు? మొదటి ప్రశ్న మనం వేస్తూనే ఉన్నాం. ఈ రెండోదాన్ని నేను వేసుకోవడం ఆలస్యమైంది, అదీ ఒక లెక్క వల్ల.

2021లో అమ్మకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఇల్లంతా తిరిగి, గోడల మీద నూనె మరకలు చూసి సిగ్గుపడింది. నా తల చూసి "ఎప్పుడు నెరిసిందే ఇంత?" అని కాసేపు ఊరుకుంది. కొత్త కళ్లకి కుర్చీ ఎక్కడ వేస్తే బొమ్మ బాగుంటుందో చూద్దామని నేను టేపు తీసుకుని కూర్చున్నాను. లెక్క తేలిగ్గానే ఉంది. మామూలు చూపున్న మనిషికి 32 అంగుళాల తెర మీద, ఎనిమిది అడుగులు దాటాక పాత బొమ్మకీ హెచ్‌డీకీ తేడా తెలియదు. ఆపైన కన్నే ఆ చుక్కల్ని కలిపేసుకుంటుంది. అమ్మ కుర్చీ ఆరడుగుల్లో ఉంది. సరిపోయింది. టేపు చుట్టేస్తూ తలెత్తితే పిన్ని కనిపించింది.

ముప్పయ్యేళ్లుగా సాయంత్రం పనయ్యాక ఆవిడ గడప దగ్గర చాప మీద కూర్చుని మాతో టీవీ చూస్తుంది. దూరదర్శన్ చిత్రలహరి రోజుల నుంచీ అంతే. ఆవిడ కులం పేరు ఇక్కడ నేను రాయక్కర్లేదు. గడప నుంచి టీవీకి పన్నెండడుగులు. నేను టేపుతో కొలిచాను. మేం ఐదురెట్లు చుక్కలు కొన్నా, డబ్బా మార్చినా, రెండు లెక్కల ధర కట్టినా, ఆవిడ చూసేది 1990లలో చూసిన బొమ్మే. దుమ్ము తుడవడానికి వచ్చిన ఆ ఒక్కరోజే దగ్గర్నుంచి చూసింది, చూసి నాకు పాఠం చెప్పింది. స్త్రీల చిత్రణ మీద ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన దాన్ని. మా వసారాలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో నాకు ఏ రిజల్యూషన్‌లోనూ కనబడలేదు. పిన్నీ అని వరస పెట్టి పిలవడంతో ఆ దూరం తీరిపోయిందనుకున్నట్టున్నాను. ఆ పిలుపు కూడా ఒకరకం ఫిల్టరే.

ఆ సాయంత్రం లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చి అమ్మ కుర్చీ పక్కన వేశాను.

"రా పిన్నీ, ఇక్కడ కూచో. ఇక్కణ్నుంచి బాగా కనిపిస్తుంది."

"నాకిక్కడే బాగుంటాదమ్మా. గాలొస్తాది."

అమ్మ ఏమీ అనలేదు. "రా" అని కూడా అనలేదు. తెర వైపే చూస్తూ రిమోట్‌తో సౌండు పెంచింది, గడప దాకా వినబడేలా. మరుసటి నెల ఫోన్ చేస్తే, హెచ్‌డీ ఛానళ్లు తీయించేశానంది, డబ్బు దండగని. కుర్చీ ఏం చేశావని అడిగాను. లోపల పెట్టేశానంది. పిన్ని అడ్డమందా, నువ్వే తీశావా అని అడిగితే, "ఎవరో ఒకరం తీశాం లేవే" అని ఫోను పెట్టేసింది.