యంత్రానికి నీడ, మనిషికి ఎండ?



రోహిణి కార్తె వచ్చిందంటే మన పామర్రులో మధ్యాహ్నం వేళ ఇంటి గోడలే సెగలు కక్కుతాయి. ఇంటి నుంచి ఉద్యోగం చేసే కుమారుడో, ఇంజనీరింగ్ చదివే కుమార్తెయో ల్యాప్‌టాప్ తెరిస్తే కాసేపటికే అది చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. లోపలి ఫ్యాన్ రొద పెడుతుంది. పని నత్తనడక నడుస్తుంది. యంత్రం పాడైపోయిందని కంగారు పడనక్కరలేదు. లోపలి ప్రాసెసర్ వేడి సుమారు 100 డిగ్రీలకు చేరువైతే, తనను తాను కాపాడుకోవడానికి అది వేగం తగ్గించుకుంటుంది. దానిని అలాగే తయారు చేశారు.

అప్పుడు మనం ఏం చేస్తాము? పరుపు మీద పెడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి గనుక బల్ల మీదకు మారుస్తాము. వెనుక భాగం కొంచెం ఎత్తులో ఉంచుతాము. పేరుకున్న దుమ్ము తీయిస్తాము. అధిక వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది గనుక ఎండలో నిలిపిన కారులో వదలము. బరువైన పనులు తెల్లవారుజామున చేసుకుంటాము. మరీ వేడెక్కితే ఆపివేసి చల్లారనిస్తాము. ఇవన్నీ మంచి జాగ్రత్తలే.

అయితే ఇక్కడొక నైతిక ప్రశ్న ఉంది. వేడికి నెమ్మదించిన యంత్రాన్ని ఎవరూ సోమరి అనరు. అదే ఎండలో ఇటుకబట్టీ దగ్గర కూలీ కాసేపు చెట్టు నీడకు చేరితే మాత్రం "పనిదొంగ" అంటాము. టేబుల్ ఫ్యాన్‌ను ల్యాప్‌టాప్ వైపు తిప్పుతాము. పొయ్యి దగ్గర నిలబడిన తల్లి గుర్తుకు రాదు.

మనిషి దేహానికీ హద్దు ఉంది. చెమట ఆరినప్పుడే దేహం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన డెల్టాలో చెమట త్వరగా ఆరదు. సహజంగా 37 డిగ్రీలుండే దేహపు వేడి 40 దాటితే ప్రాణాపాయమే. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు మరణించారు. వారిలో ఎందరో కూలీలు, వృద్ధులు.

ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ బానిసను ప్రాణమున్న పనిముట్టుగా పరిగణించాడు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని 18వ శతాబ్దంలో జర్మన్ తత్త్వవేత్త కాంట్ బోధించాడు. మనం కాంట్ మాటకు తల ఊపుతాము. కాని పనిముట్టుకిచ్చే పాటి విశ్రాంతి కూడా మనిషికి ఇవ్వము. కారణం వెదికితే సిగ్గు కలుగుతుంది. యంత్రం చెడితే నష్టం మనది. కూలీ పడిపోతే మరొకరు దొరుకుతారు.

"కూలి ఇస్తున్నాము కదా" అని మీరు అడగవచ్చు. కూలి డబ్బు పనికి వెల, ప్రాణానికి కాదు. దాసదాసీలకు, పశువులకు కూడా విశ్రాంతి దినం ఉండాలని మోషే ధర్మశాస్త్రం ఏనాడో శాసించింది.

కనుక ఈ వేసవిలో మీ ఇంటి పనులు ఉదయం, సాయంత్రం పూటలకు మార్చండి. పనివారికి నీడ, మంచినీరు, మజ్జిగ ఏర్పాటు చేయండి. ఎండ వేళ విశ్రమించిన గంటకు కూలి కోయకండి. ఎవరైనా తూలుతూ పొంతనలేని మాటలు మాట్లాడితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ల్యాప్‌టాప్ చెడితే మరొకటి కొనుక్కోవచ్చు. ఆ ఇంటి తండ్రిని ఎక్కడ కొనగలము?