చెప్పిన మాటని వెనక్కి తీసుకునే హక్కు

"మొత్తం చెరిపెయ్యమంటోంది" అని ఆ అమ్మాయి ఫోన్లో చెప్పగానే "వద్దు" అన్నాను. ఎందుకు చెరిపెయ్యమంటోందని అడగకముందే అన్నాను. అది 47 నిమిషాల రికార్డింగు. ఒక స్త్రీ తన భాషలో తన జీవితాన్ని ఎవరూ అడ్డుపడకుండా చెప్పుకున్న 47 నిమిషాలు. ఆ భాషలో అంత నిడివి ఉన్న స్త్రీ కథనం నాకు తెలిసి మరొకటి లేదు. అందుకే వద్దన్నాను. ఆ ఒక్క మాట తర్వాత నన్ను చాలా రోజులు నిలదీసింది.

నేను ఇండియానాపోలిస్‌లో ఉంటాను. వారానికి రెండు సాయంత్రాలు పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెప్తాను. నా క్లాసులో ఎక్కువమంది బర్మా నుంచి వచ్చిన చిన్ స్త్రీలు. నన్ను 'సయామా' అంటారు, బర్మా భాషలో పంతులమ్మ అని. నగరం దక్షిణపు కొసన, పక్కనే ఉన్న గ్రీన్‌వుడ్‌లో వాళ్ల ఇళ్లు, చర్చిలు, కిరాణా కొట్లు ఉన్నాయి. ఈ చుట్టుపక్కల చిన్ ప్రజలు 25 వేలకు పైగా ఉంటారు.

నేనూ మొదట్లో చిన్ అంటే ఒక భాష అనుకున్నాను. మిజోరం, మణిపూర్‌లకి ఆవల, బర్మా పడమటి కొండల్లో ఉంది చిన్ రాష్ట్రం. హఖా, ఫాలమ్, తెదిమ్, మారా, జోఫే, సెంతాంగ్, లుతువ్, దాయ్, ఖుమి... కొండ దాటితే మాట మారిపోతుంది. భాషావేత్తలు కుకీ-చిన్ అని పిలిచే ఈ శాఖలో, మన దేశంలోని మిజో, లంకాంగ్ లాంటివాటిని కలుపుకుంటే, సుమారు 50 భాషలున్నాయి. నా క్లాసులో పక్కపక్కన కూర్చునే ఇద్దరు చిన్ స్త్రీలు ఒకరితో ఒకరు బర్మీసులోనో, హఖాలోనో, చివరికి నేను నేర్పిన విరిగిన ఇంగ్లీషులోనో మాట్లాడుకోవడం చూశాను.

వీటిని రాసిపెట్టే పని కొత్తది కాదు. 1899లో ఆర్థర్ కార్సన్, లారా కార్సన్ అనే బాప్టిస్టు మిషనరీ దంపతులు హఖా చేరుకున్నారు. మిషనరీల ద్వారా రోమన్ లిపి, బైబిలు వచ్చాయి. తర్వాత విశ్వవిద్యాలయాల వాళ్లు వచ్చారు. చాలాకాలం పని తీరు ఒకటే. బయటివాళ్లు అడుగుతారు, ఊరివాళ్లు చెప్తారు, పుస్తకం బయటివాళ్ల పేరుతో వస్తుంది. ఇప్పుడది మారుతోంది. ఇండియానా విశ్వవిద్యాలయంలోని చిన్ భాషల పరిశోధనలో చిన్ విద్యార్థులే తమ ఇంటి భాషల మీద పని చేస్తున్నారు. వ్యాసాల మీద వాళ్ల పేర్లుంటున్నాయి. మణిపూర్‌లోని లంకాంగ్ మీద శోభనా చెల్లయ్య ఆ భాష మాట్లాడేవాళ్లతో కలిసి ఏళ్ల తరబడి పని చేశారు. అలాంటి భాషల రికార్డింగుల కోసం ఆమె ఉత్తర టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఒక డిజిటల్ ఆర్కైవ్‌ని మొదలుపెట్టారు. ఇదంతా ఎంతో అవసరమైన పని. దాన్ని తక్కువ చెయ్యడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

నాకు ఫోన్ చేసిన అమ్మాయి ఆ కొత్త తరానిది. తొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చింది. తల్లి భాష కంటే ఇంగ్లీషు బాగా వచ్చు. ఒక విశ్వవిద్యాలయంలో తన భాష మీదే సిద్ధాంత వ్యాసం రాస్తోంది. కథలు చెప్పగలిగే పెద్దవాళ్లు కావాలంటే నేనే నా క్లాసులోని ఒక పెద్దావిడని పరిచయం చేశాను. వాళ్లిద్దరిదీ ఒకే భాష. ఆ భాష పేరు నేనిక్కడ చెప్పను. కొద్దివేల మంది మాట్లాడే భాష అది. ఈ నగరంలో ఆ భాష మాట్లాడే అరవై దాటిన ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. భాష పేరు చెబితే మనిషి పేరు చెప్పినట్టే. చిన్న భాషలకున్న ఈ ఇబ్బంది నాకప్పుడు తట్టలేదు. తెలుగులో "ఒక స్త్రీ ఇలా చెప్పింది" అని రాస్తే కోట్లమందిలో ఆమె కలిసిపోతుంది. వీళ్ల భాషలో అలా కలిసిపోవడానికి చోటు లేదు.

పెద్దావిడ వంటింట్లో కూర్చుని చెప్పింది. మొక్కజొన్న చేలు, పెళ్లి, సైనికుల కోసం ఊరివాళ్లు మోసిన బరువులు, సరిహద్దు దాటిన రాత్రి, దారిలో పోయిన బిడ్డ. ముందే సంతకం చేసింది. ఎప్పుడు కావాలన్నా వెనక్కి తీసుకోవచ్చని ఆ కాగితం మీద ఉంది. అమ్మాయి దాన్ని చదివి వినిపించింది కూడా.

ఆ రికార్డింగు విలువేమిటో చెప్పాలి. ఈ భాషల్లో చాలా క్రియలకి రెండు రూపాలుంటాయి. హఖాలో 'చూడు' అనడానికి హ్ము, హ్ముహ్. 'చనిపోవు' అనడానికి థి, థిహ్. మామూలు వాక్యంలో ఒకటి వస్తే, "చనిపోయినప్పుడు" లాంటి ఉపవాక్యాల్లోనూ మరికొన్ని చోట్లా రెండోది వస్తుంది. ఎక్కడ ఏది వస్తుందో "ఈ మాటని మీ భాషలో ఏమంటారు" అని జాబితా పట్టుకుని అడిగితే తేలదు. మనిషి తన్మయత్వంలో కథ చెప్పుకుపోతున్నప్పుడే బయటపడుతుంది. 1965లో యూజెనీ హెండర్సన్ తెదిమ్ భాష మీద వెలువరించిన పుస్తకం రెండంటే రెండు పాఠాల విశ్లేషణ. ఈ 47 నిమిషాలతో ఆ అమ్మాయి ఒక అధ్యాయం రాయగలదు. చనిపోవడం అన్న క్రియ రెండు రూపాలూ ఆ కథనంలో మళ్లీ మళ్లీ వచ్చాయని ఆమె నాకు సంబరంగా చెప్పింది. చెప్పి, వెంటనే సిగ్గుపడి ఊరుకుంది.

మూడు వారాలకి పెద్దావిడ చెరిపెయ్యమంది.

నా వాదనలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. భాష ఒక్కరిది కాదు, సముదాయానిది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక చిన్ కొండల్లో ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ అక్టోబరు 29న ఒక్క తంత్‌లాంగ్ పట్టణంలోనే 160కి పైగా ఇళ్లు తగలబడ్డాయి. మనుషులు చెల్లాచెదురవుతున్నప్పుడు మిగిలిన మాటని కూడా చెరుపుకోవడం ఏం న్యాయం? ఇంకో వాదన మన ఉద్యమం నేర్పింది. ఆడవాళ్ల మాటల్ని చెరిపింది పితృస్వామ్యం. కుటుంబ పరువు కోసం ఎన్ని ఉత్తరాలు తగలబెట్టారు, ఎన్ని డైరీలు చింపేశారు! 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్లు అంతకాలం చెప్పుకోలేకపోయినవి అచ్చులో చదివాం. వాళ్లూ వద్దనుకుంటే మనకేం మిగిలేది? ఇప్పుడు ఈవిడ చేత వద్దనిపిస్తున్నది కొడుకో, చర్చి పెద్దలో అయితే? ఒత్తిడికి లొంగి అడిగిన చెరిపివేతకి మనం చెయ్యి అందించవచ్చా?

ఇది నిజమైన ప్రశ్నే. అందుకే ఆ అమ్మాయి ఒంటరిగా వెళ్లి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆవిడతో మాట్లాడింది. తిరిగొచ్చి చెప్పింది విని నాకు మాట రాలేదు. గోదాములో పని చేసే కొడుకు రికార్డింగు ఉంచమని పట్టుబడుతున్నాడు, రేపు తన పిల్లలు వినాలని. చర్చి పెద్దాయన కూడా ఉంచమనే అన్నాడు, మన భాషకి పనికొస్తుందని. విశ్వవిద్యాలయానికీ కావాలి. నాకూ కావాలి. అక్కర్లేనిది ఆమె ఒక్కదానికే. కారణం అడిగితే "ఆ రోజు నీకు చెప్పాను. అందరికీ చెప్పలేదు" అందట. అంతకుమించి వివరించలేదు.

పితృస్వామ్యం చెరపమనే చోట నిలబడుతుందని ఊహించుకున్నాను. ఇక్కడ అది దాచిపెట్టమనే చోట నిలబడింది. నేను దాని పక్కనే ఉన్నాను.

'మాతృభాష' అన్న మాటలోనే ఎంత బరువుందో అప్పుడు ఆలోచించాను. భాషని ఇంట్లో నిలబెట్టే పని తల్లిది. పిల్లలు మరచిపోతే తప్పు తల్లిది. పొద్దున్నే పనికి పోయి వచ్చి, వండి, పిల్లలకి తన భాషలో కథ చెప్పాల్సిందీ ఆమే. తీరా ఆ భాష అపురూపమైనదని తేలాక అది 'మనందరి సంపద' అవుతుంది. సంపదని పోగేసినామెకి అందులో తన మాటని తన దగ్గరే ఉంచుకునే వీలుండదు. దక్షిణ చిన్ ప్రాంతాల్లో ముఖాల మీద పచ్చబొట్లున్న పెద్దవయసు ఆడవాళ్లున్నారు. 1960ల్లో బర్మా ప్రభుత్వం ఆ ఆచారాన్ని నిషేధించింది. అప్పటి నుంచి మిగిలినవాళ్లు 'చివరి తరం'. ఆ ముఖాలు లోకమంతా ఫొటోలుగా తిరుగుతున్నాయి. 'చివరి' అన్న మాట ఎవరి మీద పడితే వాళ్లకి కాదనే హక్కు పోతుంది. ఇంకెవరూ లేరు కాబట్టి నువ్వు ఇవ్వాల్సిందే అంటాం. నేను ఆ పెద్దావిడని అన్నదీ అదే, కాస్త మర్యాదైన మాటల్లో.

చెరపకుండా, 50 ఏళ్లు ఎవరూ వినకుండా తాళం వేసి ఉంచే పద్ధతి ఉందని అమ్మాయి ఆవిడకి చెప్పి చూసింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అదృష్టం ఏమిటంటే ఫైలు ఇంకా ఆర్కైవ్‌కి చేరలేదు. రెండే ప్రతులున్నాయి. రెండూ ఆవిడ ఎదుటే చెరిపేశారు. అమ్మాయి సిద్ధాంత వ్యాసం ఒక సెమిస్టరు వెనక్కి పోయింది.

నష్టం జరగలేదని నేననను. జరిగింది. ఆ క్రియారూపాలు ఇంకెవరి కథలోనో మళ్లీ దొరకవచ్చు. ఆ కథ దొరకదు. కానీ ఒక భాష బతికుందనడానికి గుర్తేమిటి? అందులో మనుషులు ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకుండా ఉండగలగడం, నిన్న చెప్పినదాన్ని ఇవాళ వద్దనుకోగలగడం. ఆ వీలు తీసేసి మాటల్ని మాత్రం మిగిల్చితే మనం దాచింది దేన్ని? సంతకం ఒక రోజు చేసేది. సమ్మతి ఆ తర్వాత కూడా ఆమె దగ్గరే ఉండాలి. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉందని, రికార్డు చెయ్యడం సులువైన భాగమని ఆ అమ్మాయి నాకంటే ముందే తెలుసుకుంది.

ఇంతకీ ఆ "వద్దు" అంత తొందరగా ఎందుకొచ్చిందో చెప్పకుండా ముగిస్తే అబద్ధమవుతుంది. 1990ల్లో మా అమ్మమ్మ పాడిన పాటలు క్యాసెట్లో పట్టుకున్నాను. రెండు పాటల మధ్య ఆవిడ బావిలో పడి చనిపోయిన తన చెల్లెలి గురించి చెప్పింది. నేను దాన్ని నా మొదటి వ్యాసంలో వాడుకున్నాను. బాగుందని పదిమందీ అన్నారు. అమ్మమ్మకి చదువు రాదు. ఆ వ్యాసం నేనెప్పుడూ ఆవిడకి చదివి వినిపించలేదు. వినిపిస్తే ఏమనేదో తెలియదు. తెలుసుకోవడానికి ఇప్పుడు ఆవిడ లేదు.

పెద్దావిడ ఇప్పటికీ నా క్లాసుకి వస్తుంది. మొన్న తన భాషలో ఏదో చెప్పి పక్కనున్న వాళ్లని పగలబడి నవ్వించింది. ఏమందని నేను అడగలేదు. అమ్మాయి తన జాబితాలో ఆ రికార్డింగు వరుస సంఖ్యని అలాగే ఖాళీగా ఉంచింది, తర్వాతి వాటిని ముందుకి జరపలేదు. ఆ ఖాళీ ఉండాలో వద్దో కూడా ఆవిడనే అడిగిందట. ఉండనీ అందట.

అమ్మమ్మ క్యాసెట్ నా బీరువాలోనే ఉంది. దాన్ని డిజిటల్ చేయించమని మా అమ్మాయి చాలాకాలంగా అడుగుతోంది. పాటల వరకు చేయిస్తాను. ఆ మధ్యలో ఉన్నదాన్ని ఏం చెయ్యాలో, ఎవరిని అడిగి చెయ్యాలో నాకింకా తోచడం లేదు.