మోతకఱ్ఱలు తీయని మందసము

గత నెలలో పట్టణమందు ఒక సంఘస్థుల గృహమునకు ప్రార్థన నిమిత్తము వెళ్లియుంటిమి. ముందుగదిలో బల్లకు బదులుగా పాతకాలపు ప్రయాణపు ట్రంకు పెట్టె ఒకటి యున్నది. మూలలకు ఇత్తడి తొడుగులు, మూతమీద కఱ్ఱ బద్దలు, ప్రక్కల తోలు పిడులు. దానిమీదనే మాకు కాఫీ పెట్టిరి. ఆ యింటి కుమారుడు పాత సామానుల దుకాణములలో వెదకి ఇట్టివి నాలుగైదు సేకరించెనట. ఒకటి దుప్పట్లకు, మరియొకటి పుస్తకములకు వాడుచున్నారు. కాఫీ పెట్టిన పెట్టె మూతమీద తెల్లరంగుతో ఎవరిదో పేరు, దాని క్రింద రంగూన్ అని వ్రాసియున్నది.

"అయ్యగారూ, ఈ అక్షరములు గీకించి పాలిష్ పెట్టించవలెనని యున్నది. తప్పేమైనా ఉన్నదా?" అని ఆ తల్లి అడిగెను. "మీరు కొన్న వస్తువు, మీ ఇష్టమమ్మా" అని చెప్పి వచ్చితిమి. ఇల్లు చేరిన తరువాత ఆ జవాబు మాకే తృప్తి నీయలేదు.

ఇట్టి పెట్టెలను ఇంటిలో వాడుకొనుట తప్పు కాదు. పూర్వము ఐరోపాలో ప్రయాణపు పెట్టెల మూతలు వంపుగా నుండెడివి. గుఱ్ఱపు బండిమీద కట్టినప్పుడు వాననీరు జారిపోవలెను గదా. అయితే వాటిని ఒకదానిమీద నొకటి పేర్చుటకు వీలు లేదు. రైళ్లును ఆవిరి ఓడలును వచ్చిన పిమ్మట, పారిస్ నగరమందు లూయీ విట్టాన్ అను పెట్టెల పనివాడు 1858లో చదును మూతగల తేలికపాటి పెట్టెను చేసెను. ఓడగదిలో పడక క్రిందికి దూరునట్టి పొట్టి పెట్టెలును కలవు. పేర్చుటకు చేసిన ఆ చదునే నేడు పెట్టెను బల్లగా మార్చినది. మంచి కఱ్ఱ చెదలపాలగుటకంటె ఒక కుటుంబమునకు ఉపయోగపడుట మేలు. అయితే లెక్కకోసము, గొప్పకోసము పోగుచేసిన యెడల, ప్రయాణమునకు చేసిన వస్తువే మనలను కదలనీయని బరువగును.

పేరు సంగతి వేరు. అమెరికాలోని సియాటిల్ నగరమున 1910లో కట్టిన పనామా హోటలు కలదు. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్టు ఉత్తరువు చేయగా, పశ్చిమ తీరమున నున్న జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని ఇండ్లు విడిపించి నిర్బంధ శిబిరములకు పంపిరి. మోయగలిగినంతే తీసికొని పోవలెను. అనేక కుటుంబములవారు మిగిలినవి పెట్టెలలో సర్ది, తిరిగి వచ్చి తీసికొందుమని ఆ హోటలు నేలమాళిగలో ఉంచిరి. పలువురు రానేలేదు. తరువాతి కాలపు యజమానురాలు వాటిని పారవేయక, నేలలో గాజు పలక అమర్చి, క్రిందనున్న సామాను వచ్చినవారికి కనబడునట్లు చేసెను. అదే 1942లో జపాను సేనలు బర్మాలోనికి రాగా, అక్కడనున్న మన తెలుగువారు అనేకులు ఉన్నదంతయు విడిచి నడచి వచ్చిరి. ఒకచోట జపాను సంతతివారు, మరియొకచోట జపానుకు వెరచినవారు. ఇరువురి పెట్టెలును యజమానుల కొరకు ఎదురు చూచినవి. అట్టి పెట్టెమీది పేరు వట్టి మరక యగునా?

మా తప్పిదము కూడ ఒప్పుకొందుము. మా తండ్రిగారు ఉపదేశకులుగా ఊరూరు తిరుగునప్పుడు మోసిన ఇనుప పెట్టె మాకు వచ్చినది. మూత లోపల తాము పనిచేసిన ఊళ్ల పేర్లు వరుసగా వ్రాసికొనియుండిరి. ఈ ఊరు వచ్చిన క్రొత్తలో, నలుగురు కూర్చుండుటకు బాగుండునని దానిని గరుకు కాగితముతో రుద్దించి లోపల వెలుపల పచ్చరంగు వేయించితిమి. ఒక్క ఊరైనను మిగులలేదు. తాతగారు ఎక్కడెక్కడ పనిచేసిరని పిల్లలు అడిగినప్పుడు మూడు నాలుగు పేర్లకు మించి చెప్పలేకున్నాము. అడుగుటకు ఆయనయు లేరు.

మందసమును గూర్చిన ఒక చిన్న సంగతి ఆ రాత్రి మాకు జ్ఞాపకము వచ్చెను. దాని మోతకఱ్ఱలు ఎల్లప్పుడు ఉంగరములలోనే యుండవలెను, తీయకూడదని నిర్గమకాండము 25వ అధ్యాయములో కలదు. సొలొమోను మందిరములో దానిని నిలిపినప్పుడును ఆ కఱ్ఱలు కనబడుచుండెనని మొదటి రాజుల గ్రంథము 8వ అధ్యాయము చెప్పుచున్నది. ఇక ఎడారి దారి లేదు, మోయువారితో పని లేదు, మరి కఱ్ఱలెందుకు? ఇల్లు దొరికినవారు దారిని మరువకుండుటకే యని మాకు తోచుచున్నది.

మరునాడు ఆ తల్లికి జాబు వ్రాసితిమి: "అమ్మా, తొందరపడి జవాబిచ్చితిమి, క్షమించవలెను. పెట్టెను తుడిచి, నూనె పట్టించి చక్కగా వాడుకొనుడి. పేరును మాత్రము ఉండనీయుడి. తోలు పిడులు తెగినచో తీసివేయక క్రొత్తవి కుట్టించుడి. ఇది ఎవరిదని అతిథులు అడిగినప్పుడు, మాకంటె ముందు ఒకరిదని చెప్పుడి."

చదువరులారా, మీ యింట అటకమీద పాత పెట్టె యున్నదా? రంగు వేయించుటకు ముందు మూత తెరచి లోపల ఒకసారి చూడుడి. ఏమైనా వ్రాసియున్న యెడల పిల్లలను పిలిచి వారిచేత బిగ్గరగా చదివించుడి.