వైద్య సంఘమా? వర్తక సంఘమా?

వర్తకుడు లాభమునకై పనిచేయునని లోకమునకు తెలియును. అతడును ఆ సంగతి దాచడు. వైద్యుని విషయము వేరు. రోగి అతని యొద్దకు బేరమాడుటకు రాడు. నమ్మి ప్రాణమును అతని చేతిలో పెట్టును. అట్టి నమ్మకమును పొందినవారు సంఘముగా కూడి తమ ఆదాయమును కాపాడుకొనదలచినచో, దానిని సేవ అనవలెనా, వ్యాపారము అనవలెనా?

అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరములో ఈ ప్రశ్న న్యాయస్థానము వరకు పోయినది. 1937లో అక్కడి ప్రభుత్వోద్యోగులు కొందరు గ్రూప్ హెల్త్ అసోసియేషన్ అను సంస్థను స్థాపించుకొనిరి. సభ్యులు నెలనెలా చందా కట్టుదురు. సంస్థ వైద్యులకు జీతమిచ్చి వారికి వైద్యము చేయించును. లాభాపేక్ష లేదు.

నగర వైద్య సంఘము దీనిని సహింపలేదు. ఇట్లు జీతమునకు కుదురుట వృత్తిధర్మమునకు విరుద్ధమనెను. అందు చేరిన వైద్యులపై క్రమశిక్షణ చర్యలకు పూనుకొనెను. ఆసుపత్రులు వారిని రానీయకుండ ఒత్తిడి తెచ్చెను.

1938లో ప్రభుత్వము ఆ సంఘముపైనను, దానికి అండగా నిలిచిన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పైనను షెర్మన్ చట్టము క్రింద అభియోగము మోపినది. వ్యాపారమును అడ్డగించు కుట్రలను నిషేధించు చట్టమది. వైద్యము వ్యాపారము కాదు గనుక అది తమకు వర్తింపదని సంఘములు వాదించినవి. 1941లో జూరీ రెండు సంఘములను దోషులనెను. 1943లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచెను. వైద్యవృత్తి వ్యాపారమా కాదా అని తేల్చనక్కరలేదనియు, అడ్డగింపబడిన సంస్థ చేయునది వ్యాపారమే గనుక ఆ కుట్ర నేరమేననియు తీర్పు. జుల్మానా జాతీయ సంఘమునకు 2,500 డాలర్లు, నగర సంఘమునకు 1,500 డాలర్లు.

తీర్పుతో పోరు ఆగలేదు, రాజకీయములలోనికి పోయినది. 1948 డిసెంబరులో జాతీయ సంఘము ఒక్కొక్క సభ్యునిపై 25 డాలర్లు విధించి, అధ్యక్షుడు ట్రూమన్ కోరిన ఆరోగ్య బీమా పథకమునకు వ్యతిరేకముగా ప్రచారమునకు దిగినది.

వైద్యుల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. జీతగాడైన వైద్యుడు యజమానికి లొంగి, ఖర్చు తగ్గించుటకై రోగిని ఉపేక్షించునేమో అను భయము ఒట్టిది కాదు. చట్టసభలో తమ అభిప్రాయము వినిపించు హక్కును వారికి గలదు. కాని ఆ భయమునకు మందు తనిఖీయే గాని, ఆసుపత్రి తలుపు మూయుట కాదు. తలుపు మూసినప్పుడు దెబ్బ మంచము మీది రోగికి తగిలినది.

ఈ సంగతి వర్తకులకు ఎవరును బోధింపనక్కరలేదు. బజారులో ఒకడు తక్కువ ధరకు అమ్మినచో, తక్కినవారు కూడి అతనికి సరుకు అందకుండ చేసిరేని, అది పోటీకి జంకుటయే అని పసివాడును చెప్పును. అదే పని విద్యావంతులు చేసినంత మాత్రమున దాని పేరు మారదు.

ఏ సంఘమైనను నియమము చేయునపుడు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: దీనివలన మేలు తమను నమ్మినవారికా, తమకా? ఇద్దరికిని అయినచో మంచిదే. తమకే అయినచో అది లాభమని ఒప్పుకొనవలెను. లాభమార్జించుట తప్పు కాదు. దానికి ధర్మమను పేరు పెట్టుట తప్పు.