చెవి గుమ్మానికి కాపలా ఎవరు?



మీరు సైకిల్ తొక్కుతారా? తొక్కితే చాలా సంతోషం. సైకిల్‌కి పెట్రోలు అక్కర్లేదు, పొగ రాదు, ఒంటికి వ్యాయామం. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పైన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023లో మొదలైంది. కానీ మనలో ఎక్కువమంది తొక్కేది అలాంటి దారిలో కాదు. కాలేజీకి వెళ్ళే పిల్లలు, పేపర్లు వేసే కుర్రాళ్ళు, పార్సిళ్ళు చేర్చే తమ్ముళ్ళు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్ అన్నలు, అందరం బస్సులు, లారీలు, ఆటోల మధ్యనే తొక్కుతాం. అలా తొక్కుతూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటాం.

"ఇది కూడా ధమ్మం మాట్లాడాల్సిన విషయమేనా?" అని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. తర్వాత ఒకటి జరిగింది. అది ముందు చెబుతాను.

ట్యాంక్‌బండ్ మీద ఒక ఉదయం

కొన్నేళ్ళ క్రితం మాట. పొద్దున్నే పనికి ట్యాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాద్ వైపు సైకిల్ మీద పోతున్నాను. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. ఇష్టమైన పాట. ముందురోజు రాత్రి వానకి రోడ్డు ఎడమ అంచున నీళ్ళు నిలిచాయి. బట్టలు తడుస్తాయని హ్యాండిల్ ఒక్కసారిగా కుడివైపు తిప్పాను. వెనక బైకు వస్తోందని నాకు తెలియదు.

నన్ను తప్పించబోయి ఆ బైకు పడిపోయింది. దాని మీద భార్యాభర్తలు, స్కూలు డ్రెస్సులో ఐదారేళ్ళ పాప. పెద్దవాళ్ళకి ఏమీ కాలేదు. పాప అరచేయి రోడ్డుకి గీసుకుపోయి నెత్తురు వచ్చింది. ఆయన లేచి, "అన్నా, గింతసేపు హారన్ కొడితే ఇనబడ్తలేదా?" అన్నాడు. తిట్టలేదు, అడిగాడు. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. పాప చేతి మీద ఊదుతూ కూర్చుంది. నేను ఇయర్‌ఫోన్లు లాగేశాను. అవి మెడకి వేలాడుతున్నాయి. వాటిలోంచి పాట ఇంకా సన్నగా వస్తూనే ఉంది.

ఎడమ పక్కన హుస్సేన్‌సాగర్ మధ్యలో, 1992లో నిలబెట్టిన ఆ పెద్ద విగ్రహం. అభయమిస్తూ ఎత్తిన చెయ్యి. రోజూ ఆ దారినే పోతూ మనసులో నమస్కారం పెట్టుకునేవాణ్ణి. ఆ రోజు తల ఎత్తి చూడలేకపోయాను.

ప్రమాదం అంటే ఏమిటి?

మన తెలుగులో 'ప్రమాదం' అంటే యాక్సిడెంట్. ఎక్కడో బయట జరిగేది, ఉన్నట్టుండి మీద పడేది. బుద్ధ భగవానుడి మాటలో 'పమాదం' అంటే వేరు. మనసు ఏమరుపాటుగా ఉండటం, చేస్తున్న పని మీద ఎరుక లేకపోవడం. మాట ఒకటే. కానీ ఒకటి కారణాన్ని చెబుతోంది, ఇంకొకటి ఫలితాన్ని చెబుతోంది. ఆ రోజు రోడ్డు మీద ప్రమాదం జరిగింది బైకు పడినప్పుడు కాదు మిత్రులారా. ఇంటి దగ్గర నేను చెవులు మూసుకుని సైకిల్ ఎక్కినప్పుడే జరిగింది.

దీనికి విరుగుడు అప్పమాదం. ధమ్మపదంలో రెండో వగ్గం మొత్తం దాని గురించే. అడవిలో తిరిగే జంతువులన్నిటి అడుగులూ ఏనుగు అడుగులో ఇమిడిపోయినట్టు, మంచి గుణాలన్నీ అప్పమాదంలో ఇమిడిపోతాయని తథాగతుడు చెప్పాడు. కుశినారలో ఆయన భిక్ఖువులకు చివరిసారి చెప్పిన మాట కూడా అప్పమాదం గురించే.

ఐదో శీలాన్ని మనం 'మత్తు పదార్థాలు ముట్టను' అని తెలుగు చేసుకుంటాం. పాళిలో ఆ శీలంలో 'పమాదట్ఠాన' అనే మాట ఉంది. అంటే ఏమరుపాటుకి చోటిచ్చేది. మద్యం ఎందుకు వద్దన్నాడు? ఎరుకని తీసేస్తుంది కాబట్టి. పాట మద్యం కాదు, నిజమే. కానీ లారీల మధ్య తొక్కేటప్పుడు ఎరుకని తీసేసేది ఏదైనా మనం ఆ శీలం ముందు నిలబెట్టి ఒకసారి అడగాల్సిందే.

ఆరు గుమ్మాల ఊరు

సంయుత్త నికాయంలో ఒక ఉపమానం ఉంది. సరిహద్దులో ఒక కోట ఊరు, దానికి ఆరు ద్వారాలు. అక్కడ తెలివైన కాపలాదారు ఉన్నాడు. తెలిసినవాళ్ళని లోపలికి రానిస్తాడు, తెలియనివాళ్ళని ఆపుతాడు. ఆ ఊరు మన శరీరం. ఆరు ద్వారాలు కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్ళు, మనసు. కాపలాదారు పేరు సతి, అంటే ఎరుక.

సైకిల్ మీద ఉన్నవాడికి కన్ను ముందు గుమ్మం. చెవి వెనక గుమ్మం. మన సైకిళ్ళకి అద్దాలు ఉండవు. వెనక వచ్చేది బస్సా, బైకా, ఎంత దూరంలో ఉంది, ఏ పక్క నుంచి వస్తోంది, ఇదంతా చెప్పేది చెవే. శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి రవ్వంత వెనక చేరుతుంది. ఒక చెవికి కాస్త గట్టిగా, రెండో చెవికి కాస్త మెల్లగా వినిపిస్తుంది. ఆ చిన్న తేడాతోనే మన మెదడు దిక్కు పట్టుకుంటుంది. ఒక్క చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా హారన్ వినబడుతుంది, కానీ ఏ పక్కో సరిగా తేలదు.

చిన్న లెక్క చూడండి. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. వెనక బైకు 50తో వస్తోంది. తేడా 35, అంటే సెకనుకు దాదాపు 10 మీటర్లు. ముప్పై మీటర్ల వెనక ఉన్న బండి 3 సెకన్లలో మీ పక్కన ఉంటుంది. అదే వేగంతో నాలుగు నిమిషాల పాట పూర్తయ్యేసరికి మీరు ఒక కిలోమీటరు దాటేస్తారు. అంతదూరం వెనక గుమ్మానికి కాపలా లేదన్నమాట. ఇప్పుడు కరెంటు స్కూటర్లు, కరెంటు ఆటోలు వచ్చాయి. వాటి చప్పుడు అసలే తక్కువ.

సేదకలో చెప్పిన రెండు కథలు

సుంభ దేశంలో సేదక అనే ఊళ్ళో బుద్ధుడు రెండు కథలు చెప్పాడు.

మొదటిది గడ మీద ఆడే గురుశిష్యుల కథ. గురువు అన్నాడు: నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటాను, ఇద్దరం క్షేమంగా దిగుదాం. శిష్యుడు ఒప్పుకోలేదు. మీరు మిమ్మల్ని చూసుకోండి, నేను నన్ను చూసుకుంటాను, అప్పుడే ఇద్దరం క్షేమం అన్నాడు. శిష్యుడి మాటే సరైనదన్నాడు బుద్ధుడు. ఎరుకతో తనను కాపాడుకునేవాడు ఇతరులను కాపాడతాడు. ఓర్పుతో, మైత్రితో, కరుణతో ఇతరులను కాపాడేవాడు తనను కాపాడుకుంటాడు. రోడ్డు మీద మనం 'వెనకవాడు చూసుకుంటాడులే' అనుకుంటాం. వెనకవాడు 'ముందువాడికి వినబడుతుందిలే' అనుకుంటాడు. ఇద్దరూ గురువు లెక్కనే పట్టుకున్నారు. మధ్యలో పాప అరచేయి గీసుకుపోయింది.

రెండోది నూనె గిన్నె కథ. దేశంలోకెల్లా అందగత్తె ఆడుతోంది, పాడుతోంది. జనం విరగబడ్డారు. ఆ జనానికీ ఆమెకీ మధ్యనుంచి ఒకడు అంచుదాకా నిండిన నూనె గిన్నె మోసుకుపోవాలి. వెనకే కత్తి దూసినవాడు నడుస్తున్నాడు. ఒక్క చుక్క ఒలికితే తల తెగుతుంది. వాడు పాట వైపు మనసు పోనిస్తాడా? బుద్ధుడు భిక్ఖువులను అడిగిన ప్రశ్న ఇదే. నూనె గిన్నె అంటే శరీరం మీద నిలిపిన ఎరుక. ట్రాఫిక్‌లో సైకిల్ తొక్కేవాడికి ఈ కథకి వేరే వ్యాఖ్యానం కావాలా? పాట ఉంది, జనం ఉన్నారు, వెనక కత్తీ ఉంది.

పాట చెడ్డదా?

కాదు. రాజగృహ దగ్గర గుహలో ఉన్న బుద్ధుడి ముందు పంచశిఖుడనే గంధర్వుడు వీణ వాయించి పాడాడు. తీగ నాదం, గొంతు ఒకదానిలో ఒకటి చక్కగా కలిశాయని భగవానుడు మెచ్చుకున్నాడు. ఉపోసథం రోజున అష్టశీలం పట్టినవారు ఆటపాటలకు దూరంగా ఉంటారు. మిగతా రోజుల్లో గృహస్థుకి పాట పాపమని ఎవరూ చెప్పలేదు.

"పాట లేకపోతే దూరం తెలుస్తుంది, అలసట వస్తుంది" అంటారు. నిజమే, పన్నెండు గంటలు పనిచేసి వచ్చేవాడికి పాటే ఓదార్పు. ఆ అలసటను నేను తక్కువ చేయను. కానీ ఒంటికి అలసట వచ్చినట్టు తెలియాలి కదా? తెలిస్తేనే ఆగి నీళ్ళు తాగుతాం. "సౌండు తక్కువే పెడతాను" అంటారు. ఇష్టమైన పాట వస్తే చెవి దాని వెంటే పోతుంది, సౌండు ఎంతైనా సరే. "చెవులు వినబడనివాళ్ళు తొక్కడం లేదా?" అంటారు. తొక్కుతున్నారు. వారికి ఆ గుమ్మం మూసి ఉందని తెలుసు కాబట్టి కళ్ళతో రెండింతలు చూస్తారు, తిరిగేముందు వెనక్కి చూస్తారు. మనం గుమ్మం మూసి, తెరిచే ఉందనుకుని పోతాం. తేడా అక్కడుంది.

సైకిల్‌కి లైసెన్సు లేదు, నంబరు పలక లేదు. ఆపి అడిగేవాడు ఉండడు. అడగాల్సింది మన శీలమే.

ఇలా చేసి చూడండి

సైకిల్ ఎక్కేముందు ఇయర్‌ఫోన్లు సంచిలో పెట్టండి. జేబులో వద్దు, చెయ్యి పోతుంది. నిలబడి మూడు శ్వాసలు గమనించండి.

తొక్కేటప్పుడు కళ్ళు దారి మీద, అరచేతులు హ్యాండిల్ మీద, పాదాలు పెడల్ మీద ఉన్నాయని తెలుసుకుంటూ ఉండండి. సతిపట్ఠానంలో బుద్ధుడు ముందుకు పోవడంలో, వెనక్కి రావడంలో, చూడటంలో ఎరుక ఉండాలని చెప్పింది ఇదే. వెనక శబ్దం వస్తే 'బస్సు, కుడివైపు, దగ్గరికి' అని గుర్తించండి. హారన్ విని కోపం వస్తే ఆ కోపాన్నీ గుర్తించండి. పక్కకి తిరిగేముందు ఒకసారి వెనక్కి చూడండి, చెయ్యి చూపండి. దారి చెప్పే మ్యాపు కావాలంటే రోడ్డు పక్కన ఆగి చూసుకోండి.

చేరాక, ఒక చెట్టు కింద కూర్చుని ఆ పాటే వినండి. మొత్తం వినండి. దారికి దారి, పాటకి పాట. అప్పుడు పాట కూడా బాగా వినబడుతుంది.

ప్రాణహింస మానినవాడు లెక్కలేనన్ని ప్రాణులకు అభయదానం చేస్తున్నాడని బుద్ధుడు చెప్పాడు. దానం చేయడానికి మన దగ్గర డబ్బు లేకపోవచ్చు. మీ పక్కనుంచి పోయే ప్రతి తల్లికీ, ప్రతి పాపకీ 'నా వల్ల నీకు భయం లేదు' అని మీరు ఇవ్వగల దానం ఇది. సాగర్ మధ్యలో ఎత్తిన ఆ చెయ్యి చెబుతున్నది కూడా అదే. ఇప్పుడు నేను ఆ దారిన పోతే, చెవులు తెరిచి, తల ఎత్తి చూస్తాను.

చదివాక ఈ కరపత్రాన్ని సైకిల్ తొక్కే మరొకరికి ఇవ్వండి. అందరూ క్షేమంగా ఇల్లు చేరాలి. సకల ప్రాణులకూ మంగళం కలగాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.